కాగితం మూలన రాసిన పేర్లు

"కాయితం ఆరిందా మ్మే?" అని అడిగాడు.

"ఇంకా తడిగానే ఉండాది. నువ్వు పండుకో," అన్నాను.

"ఆరేదాకా తియ్యాకు. తొందరపడితే చినుగుతాది."

"తియ్యన్లే."

మా ఇంటాయనకూ నాకూ నడిచిన ఆఖరి మాటలు ఇవి. జమ్మలమడుగు పెద్దాసుపత్రిలో, మధ్యాహ్నపు ఎండ కిటికీ చువ్వల్లోంచి మంచం మీద చారలుచారలుగా పడుతున్నప్పుడు. అక్కడ కాగితమూ లేదు, తడీ లేదు. తెల్ల దుప్పటి ఒకటి ఉంది. దాని మీద ఆయన వేళ్ళు మెల్లగా ఎడమ నుంచి కుడికి పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ ఎడమ నుంచి కుడికి పోతున్నాయి. చదువుతున్నాడని నాకు తెలుసు. ఏ ఊరి రాయో మాత్రం తెలియలేదు. సాయంత్రానికి వేళ్ళు ఆగిపోయాయి.

అది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, మొన్న కడప నుంచి ఒక కవరు వచ్చింది. చదువుకున్నవాళ్ళ సంఘం ఒకటి మన సీమలో పాత రాళ్ళూ రాతలూ వెతికినవాళ్ళ మీద పుస్తకం వేస్తుందట. అందుకని అచ్చు వేసిన కాగితం ఒకటి పంపారు. నింపి పంపాలి. మా తమ్ముని కూతురు నా పక్కన కూర్చుని చదివింది.

"మొదటిది పేరు అత్తా," అంది.

"అది ఖాళీ వదులు."

"యాల? మామ పేరు నాకు తెలుసు కదా, రాస్తా."

"నీకు తెలుసని నాకూ తెలుసు. వదులంటాండా కదా."

రెండోది, ఏమేమి రాశారు అని. మూడోది, ఈయన పేరు చెప్పుకున్న పుస్తకాలూ వ్యాసాలూ ఎన్ని అని. నాలుగోది, ఏయే పండితులతో కలిసి పని చేశారు అని. ఒక్కో ప్రశ్నకు నా చూపుడువేలంత పొడవు గీత. గీత మీద ఎంత సంఖ్య పడితే పుస్తకంలో ఆ మనిషికి అన్ని పుటలు ఇస్తారట.

"మనిషిని కొలిచేదానికి ఇంత గీత చాలునా?" అన్నాను.

"నెంబరు ఏస్తే చాలంట అత్తా."

నెంబరు వేద్దాం, వేయకేం. కానీ ముందు నేను చెప్పింది వేరే కాగితాల మీద రాయి అన్నాను. నాకు నా పేరు రాయడం వచ్చు, చదవడం వచ్చు. అదీ ఆయన నేర్పిందే. అంతకు మించి రాదు. నా గొంతు బండ మీద బండ గీసినట్టు ఉంటుందని ఆయనే అనేవాడు. కాబట్టి నేను చెప్పింది నువ్వు పుస్తకాల తెలుగులో సర్ది రాయి, చదివేది పెద్దవాళ్ళు. మనుషులు మాట్లాడింది మాత్రం వాళ్ళు మాట్లాడినట్టే పెట్టు. ఎవరి మాట వాళ్ళది, మార్చే హక్కు మనకు లేదు. ఇది నా మాట కాదు, ఆయన మాట.

"ఇది నా మాట కాదు." ఈ ముక్క ఆయన నోట రోజుకు ఎన్నిసార్లు వచ్చేదో. ప్రొద్దుటూరు హైస్కూలులో తెలుగు చెప్పేవాడు. వీధంతా ఐవారు అనేది. పాఠంలో ఏ సంగతి చెప్పినా, ఇది నా మాట కాదు, ఫలానా ఆయన దగ్గర విన్నాను అని చెప్పి గానీ ముందుకు పోడట. క్లాసులో ఒకడు ఎగతాళికి లేచి, "ఐవారూ, రెండ్రెండ్లు నాలుగని మొదట చెప్పింది ఎవురు?" అన్నాడట. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. రెండు రోజులు ఆలోచించి మూడో రోజు క్లాసులో, "తెలీదు నాయనా. తెలిసినాక చెప్తా," అన్నాడట. అప్పటినుంచి ఆ ప్రశ్న ఇంట్లో నన్నూ అడిగేవాడు.

అన్నం దగ్గరా అంతే. సంగటి ముద్ద ముందు కూర్చుంటాడు, చెయ్యి పెట్టడు.

"చింతాకు ఎవురిది?"

"పక్కింటి మాబున్నిది."

"పప్పు?"

"మా అమ్మ పంపింది."

"మిరక్కాయలు?"

"నీ తల. తిను."

"చెప్పు మ్మే."

ఇన్ని పేర్లు చెప్పించుకుని, వాటిని ఒక్కసారి తను కూడా పెదవుల మీద అనుకుని, అప్పుడు ముద్ద తుంచేవాడు. ఒకరోజు నాకు చిరాకు వచ్చింది. "ఉప్పు ఎవురిదో అడగవా? సముద్రానిది. చాలునా?" అన్నాను. "మరి సముద్రాన్ని తలుచుకోకుండా ఎట్ల తింటాం," అని నిజంగానే తలుచుకున్నాడు. "వండినదాని పేరు మాత్రం ఏ పూటా అడిగింది లేదు," అన్నాను. తల ఎత్తకుండా, "ఆ పేరు నాకు నోటికొచ్చు," అన్నాడు.

ఆయన చూపుడువేలు ఊరికే ఉండేది కాదు. బస్సులో పోతుంటే కిటికీ చువ్వ తడిమేది. గుమ్మం బండ తడిమేది. కునుకుపట్టినా తన మోకాలినే తడిమేది. గీత తగిలితే ఆగేది, అక్షరం కాదని తేలితే ముందుకు పోయేది. పెళ్ళయిన కొత్తలో నాకు భయం వేసింది, ఈయనకు ఏదైనా గాలి సోకిందేమోనని. తర్వాత ఆ వేలు ఆగిన చోటల్లా నేనూ ఆగి చూడడం అలవాటైంది.

ఆదివారం వస్తే రాళ్ళ వేట. పొలాల గట్ల మీద, గొడ్ల చావిళ్ళలో, బావుల మెట్లలో పాత అక్షరాలున్న రాళ్ళు ఉంటాయి కదా, వాటి మీద కాగితం పరిచి అచ్చు తీసుకుని రావడం ఆయన పని. ఎవరూ చేయమనలేదు. ఎవరూ జీతం ఇవ్వలేదు. మొదట్లో ఒక్కడే పోయేవాడు. ఒకసారి పులివెందుల పక్క పల్లెలో, నిధి తవ్వడానికి వచ్చాడని పట్టుకుని గడ్డివామి పక్క కొట్టంలో వేసి గడియపెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరాడు. చొక్కా నిండా గడ్డి. "రాయి మంచిదే మ్మే, మళ్ళీ పోవాల," అన్నాడు. మరుసటి ఆదివారం నేనూ బస్సెక్కాను. మాకు పిల్లలు లేరు, కట్టేసే పని ఇంట్లో ఏముంది.

ఆ రాయి ఉన్న చేను ఆసామి కట్టె పట్టుకుని మళ్ళీ వచ్చాడు, తెల్లమీసాల పెద్దాయన.

"ఏందప్పా, మల్లా వచ్చినావు? రాయి కింద ఏముండాదని గోకుతాండావు?"

"కింద ఏం లేదు పెద్దయ్యా, రాయి మీదనే ఉండాది," అన్నాడు మా ఇంటాయన.

"మీద ఏముండాది?"

"మాటలు."

"మాటల కోసరం పొద్దుటూరు నుంచి బస్సెక్కి వచ్చినావా? నన్ను తిక్కోణ్ణి చేస్తాండావా?"

ఇక నేను గొంతు ఎత్తాను. "ఓ పెద్దయ్యా! నిధి తవ్వేటోడు పెండ్లాన్ని ఎంటబెట్టుకోని, సంగటి మూట కట్టుకోని, పట్టపగులు వస్తాడా? గడ్డపార యాడుండాదో చూపీ. ఇది బ్రెస్సు. బ్రెస్సుతో బంగారం తవ్వేటోణ్ణి నువ్వు యాడన్నా చూసినావా?"

పెద్దాయన బ్రెస్సు చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, "నీ నోరు చూస్తే నిధి ఉన్నా లేసి పారిపోతాది తల్లీ," అన్నాడు. తనే రెండు కడవల నీళ్ళు పంపించాడు. అచ్చు తీశాక మా ఇంటాయన కాగితం మూలన పెన్సిలుతో ఆ ముసలాయన పేరు రాశాడు.

"నా పేరు యాల? నేను కొట్టేదానికి కదా వస్తి."

"నువ్వు ఆపినావు కాబట్టే పోయినసారి చూడని చివరి వరస ఈసారి చూస్తి. రాయాల్సిందే."

పద్ధతి అది. అచ్చు ఎలా తీస్తారో కూడా చెప్పనీ, సంఘం వాళ్ళలో ఎంతమంది చేయి తడి చేసుకున్నారో. ముందు రాయిని కడగాలి. ఆయన చెప్పులు విడిచి, మొదటి చెంబు నీళ్ళు తనే పోసేవాడు. దానికి దప్పిక అనేవాడు. తర్వాత తడి కాగితం రాతి మీద పరిచి, గట్టి బ్రెస్సుతో మెల్లగా తట్టాలి, పసిబిడ్డ వీపు తట్టినట్టు. తట్టేకొద్దీ కాగితం అక్షరాల గుంతల్లోకి దిగుతుంది. తడి రవంత తగ్గాక గుడ్డ ఉండను మసిలో అద్ది పైపైన ఒత్తుకుంటూ పోవాలి. రాతి ముఖమంతా నల్లబడుతుంది, అక్షరాలు తెల్లగా మిగిలిపోతాయి. ఆ తర్వాత చేయవలసిన పని ఏమీ లేదు. ఆరేదాకా కూర్చోవడమే. ఆ కూర్చోవడమే నాకు బాగా గుర్తు. చేనులో గాలి, కాగితం అంచు లేస్తే గులకరాయి పెట్టడం, దూరంగా ఎవరో గొర్రెలను అదిలించడం. ఇద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. రాయి తన మాటలన్నీ ఆ కాగితానికి నెమ్మదిగా చెప్పుకుంటున్నట్టు ఉండేది. నాకు నిద్రా కాదు, మెలకువా కాదు. ఎన్ని మధ్యాహ్నాలు అలా పోయాయో ఎవరు లెక్కపెట్టగలరు.

ఆరాక కాగితం తీస్తాడు. మూలన ఊరి పేరు, రాయి చూపినవాళ్ళ పేరు, నీళ్ళు తెచ్చినవాళ్ళ పేరు, నీడకు గొడుగు పట్టినవాళ్ళ పేరు. తన పేరు ఒక్కదాని మీదా ఉండదు.

"నీ పేరో?" అని అడిగాను.

"అచ్చు తీసినోణ్ణి అచ్చే చెప్తాది. తెలిసినోళ్ళకు తెలుస్తాది."

అది వినయం అనుకునేరు. కాదు. గర్వం. తన పని చూస్తే తన పేరు చెప్పకుండా ఎవరూ ఉండలేరని లోపల నమ్మకం.

ఎందుకంటే ఆయన చూసుకునేవాడు. నల్ల దారంతో కుట్టిన నోటుపుస్తకం ఒకటి ఉండేది. ముందు పక్కనుంచి, తన పేరు చెప్పినవాళ్ళు. ఎవరు, ఏ పుస్తకంలో, ఎన్నో పుటలో. తిప్పి పట్టుకుంటే వెనక పక్కనుంచి, తను పేరు చెప్పినవాళ్ళు. కాగితాల మూలన రాసిన వాళ్ళంతా అక్కడ ఉంటారు. "రెండు పక్కలూ నడుమ కలవాల మ్మే, అదీ కొలత," అనేవాడు. పత్రికేదైనా పోస్టులో వస్తే వెనకనుంచి తెరిచేవాడు. పుట అడుగున చీమలంత అక్షరాలుంటాయే, వాటి మీద ముందు ఆ వేలు పోయేది. తన పేరు దొరికిందో లేదో నాకు చెప్పేవాడు కాదు. దొరికిన రోజు చెప్పులు వేసుకోవడం మరిచిపోయి వీధి చివరిదాకా నడిచి వచ్చేవాడు. దొరకని రోజు చెప్పులు వేసుకుని పోయేవాడు. నేను ఆయన కాళ్ళ వైపు చూసేదాన్ని.

ఆ పుస్తకంలో ముందు పక్క నా గోరంత మందం. వెనక పక్క నా బొటనవేలంత.

ఒక సాయంత్రం ముందు పక్క తిరగేస్తూ, "ఊరోళ్ళంతా చెప్పాల్నని చూస్తాండానే, నువ్వొకసారి చెప్పు చూద్దాం," అన్నాడు.

"ఏంది?"

"నా పేరు."

నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మొగుని పేరు నోట పలికితే ఆయన ఆయుసు తగ్గుతుందని మా అమ్మ చెప్పింది, ఆమెకు ఆమె అమ్మ చెప్పింది. పిలవాలంటే యో అంటాం, ఇదిగో అంటాం. "ఆయుసు తగ్గుతాది, గమ్మునుండు," అన్నాను.

"అట్లయితే నేను నూరేండ్లు బతుకుతా. ఈ పుటలు చూడు, నా పేరు ఎవురూ చెప్పరు కదా," అని నవ్వాడు.

ఇప్పుడు ఆ బండ సంగతి చెప్పాలి. దీనికోసమే ఇంత దూరం వచ్చాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన ఏడు. జమ్మలమడుగు దాటాక, పెన్నలో కలిసే వంక ఒడ్డున ఒక పల్లె. వెతుక్కుంటూ పోయిన రాయి దొరకలేదు. కాళ్ళు కడుక్కుందామని వంకలోకి దిగి, బట్టలుతికే బండ మీద నిలబడ్డాను. అరికాలికి గరుకుగా తగిలింది. బండ గరుకు వేరు, ఉలి గరుకు వేరు. అన్నేళ్ళు ఆయన వేలి వెంట తిరిగినదానికి ఆ మాత్రం తెలియదా.

"యో, ఈడికి రా! నా కాలి కింద ఏందో రాసుండాది."

పంచె తడుస్తున్నా చూసుకోకుండా దిగాడు. "కాలు తియ్ మ్మే, కాలు తియ్," అంటూనే వంగి దండం పెట్టాడు. బండకు పెట్టాడో నా కాలికి పెట్టాడో ఈనాటికీ నాకు తెలియదు.

అక్కడ బట్టలుతికే ఓబులమ్మ మూట దించి నిలబడింది. "మా అత్త కాలం నాటి బండ సామీ. ఊరి బట్టలన్నీ దీని మీదనే. ఎత్తకపోతారా ఏంది?"

"ఎత్తకపోము తల్లీ. చదువుకోని పోతాం."

"చదువుకో. నేను ఉతకని రోజు చూసుకోని చదువుకో."

ఆ బండలో ఉన్నది ఇది. దారిన పోయేవాళ్ళకు నీళ్ళు పోయడానికి ఎవరో చేను రాసిచ్చారు. ఎంత చేనో ఉంది, నాలుగు హద్దులూ ఉన్నాయి. ఇచ్చినవాళ్ళ పేరు ఉన్నచోటే బట్టలు బాది బాది నున్నగా అరిగిపోయింది.

"పేరు పోతే ఏమాయె, నీళ్ళు తాగినోళ్ళు తాగినారు కదా," అన్నాను.

"తాగినోళ్ళు అట్లే అంటారు," అన్నాడు.

ఆ పేరు కోసం మూడేళ్ళు. ఎండాకాలం పోయాం, వంక పారినప్పుడు మోకాలి నీళ్ళలో నిలబడ్డాం. అచ్చులు ఎన్నో తీశాం, ఆ చోటు మాత్రం నల్లగా మూసుకుని వచ్చేది. చివరికి ఒక చలికాలం ఓబులమ్మ అరుగు మీద పండుకుని, తెల్లవారగానే వంకకు పోయాం. మంచు వంక మీద పొగలా ఉంది. పొద్దు నేలను రాచుకుంటూ పక్కనుంచి వచ్చింది. ఆ ఏటవాలు వెలుగు బండ మీద పడగానే అరిగిన చోట నీడలు లేచాయి. నిద్రపోతున్న మనిషి ముఖంలో కళ్ళు తెరుచుకున్నట్టు. కొంచెంసేపే. ఆయన వేలు పోతోంది, పెదవులు కదులుతున్నాయి. "మా... చ..." అన్నాడు. "మాచమ్మ" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. అప్పటికే పొద్దు పైకొచ్చి నీడలు పడుకున్నాయి. ఓబులమ్మ మూట దించుతూ, "ఎవురు సామీ ఆమె?" అంది. "ఇచ్చినామె," అన్నాడు.

ఆ రోజు తీసిన అచ్చు మూలన నా పేరు నన్నే రాయమన్నాడు. కాలికి తగిలింది నీకు కదా అన్నాడు. వంకరటింకరగా రాశాను. కింద ఆయన మూడేళ్ళుగా ఆ బండ మీద చదివిందంతా వరసగా రాసుకున్నాడు. ఓబులమ్మ పేరు ఇంటికి పోయి రాస్తానన్నాడు, సంతోషంలో మరిచాడు.

హైదరాబాదు రాజధాని అయ్యాక ఒక శెనక్కాయల కాలంలో మా వీధిలోకి జీపు వచ్చింది. కళ్ళద్దాల ఆఫీసరు దిగాడు, పాత శాసనాల మీద పెద్ద పుస్తకం రాస్తున్నాడట. ఐవారిల్లు ఏదని బస్టాండులో అడిగి వచ్చాడు. మా ఇంటాయన పరీక్షల పని మీద పులివెందుల పోయి ఉన్నాడు. వంక బండ అచ్చు ఉందని విన్నాను, చూడవచ్చా అన్నాడు ఆఫీసరు. నేను చాప పరిచి, అచ్చు పరిచాను. ఆయన చాలాసేపు చూసి, "అద్భుతంగా చదివారమ్మా. ఇది తీసుకువెళ్ళొచ్చా?" అన్నాడు. ఇంకో ప్రతి ఇంట్లో ఉంది. నా గుండె ఉప్పొంగింది. "తీసకపో నాయనా," అన్నాను.

జేబులోంచి పుస్తకం తీశాడు. "ఎవరిచ్చారో రాసుకోవాలి. ఆయన పేరేమిటండి?"

"మా ఇంటాయన."

"పేరమ్మా, పేరు."

"నేను పలకగూడదు సామీ."

"పోనీ ఇంకెవరైనా చెబుతారా?"

వీధంతా శెనక్కాయలు పెరకడానికి పోయింది. మాబున్ని ఒక్కతే చేట పట్టుకుని గడపలోకి వచ్చింది. "ఐవారు కదా," అంది.

"అది పేరు కాదు కదమ్మా."

"మేం ఐవారనే అంటాం. పేరుండాదో లేదో ఎవురికి తెలుసు."

ఎర్రగుంట్లలో రైలు తప్పిపోతుందని జీపు డ్రైవరు హారను కొట్టాడు. ఆఫీసరు అచ్చు మూల చూశాడు. "ఈ సుంకులమ్మ ఎవరు?"

"నేనే," అన్నాను.

రాసుకున్నాడు. జీపు పోయింది. దుమ్ము కిందికి దిగాక, ఆఫీసరు నిలబడిన చోట నేను నిలబడి తల పైకెత్తాను. ఉత్తరాలు గుచ్చిన ఇనుప తీగ వేలాడుతోంది. ఒక్కో కార్డు మీదా మా ఇంటాయన పేరు. నేను చదవలేను గానీ, చెయ్యెత్తి చూపించి ఉంటే చాలు. ఆ బుద్ధి జీపు పోయాక వచ్చింది.

సాయంత్రం ఆయన బస్సు దిగి వచ్చాడు. చెప్పాను.

"చదివింది గూడా ఇచ్చినావా?"

"అంతా ఇచ్చినా."

"నా పేరు చెప్పినావా?"

"ఊ" అన్నాను. ఎందుకు అన్నానో తెలియదు. ఆ ముఖం చూసి అన్నాను.

ఆయన సంచి కింద పెట్టలేదు. "నువ్వు చెప్పినావా? నీ నోటితోనా? ఎట్ల చెప్పినావు మ్మే, ఒకసారి..." నేను పొయ్యి మీద ఏదో పొంగుతోందని లోపలికి పరుగెత్తాను. పొయ్యి మీద ఏమీ లేదు. బయటికి వచ్చి చూస్తే గుమ్మం దగ్గర చెప్పులున్నాయి, మనిషి లేడు. వీధి చివరిదాకా ఉత్త కాళ్ళతో పోతున్నాడు.

ఏడాది పైన ఆ పుస్తకం కోసం ఎదురుచూశాడు. అది రావాలని ఆయన, రాకూడదని నేను.

వచ్చింది. ఎర్ర అట్ట, లావు పుస్తకం. వెనకనుంచి తెరిచాడు. వేలు అడుగు వరసల మీద పోయింది, ఒకచోట ఆగింది. నేను భుజం మీదుగా చూశాను. లోకంలో ఉన్న అక్షరాల్లో నేను చదవగలిగినవి అవే. నా పేరు. ఆయన వేలు పైకి పోయింది, కిందికి వచ్చింది, వెనక పుట తిప్పింది, మళ్ళీ అక్కడికే వచ్చింది.

"మ్మే, ఆయప్పకు ఏం చెప్పినావు?"

"నోరు రాలేదు," అన్నాను. అంతా చెప్పాను. తీగ సంగతి కూడా చెప్పాను.

"మాబున్ని ఏమనింది?"

"పేరుండాదో లేదో అనింది."

దానికి నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "రాయి దొరికింది నీకే కదా, అబద్ధమేముండాది," అన్నాడు. తర్వాత లేచి, చెప్పులు వేసుకుని, వీధి చివరిదాకా పోయి వచ్చాడు.

వచ్చి ఆ ఆఫీసరుకు కార్డు రాశాడు. తన పేరు అడుగుతున్నాడనుకుని నా ప్రాణం కుదుటపడింది. పోస్టులో వేసి వచ్చాక అడిగితే, పుస్తకం మళ్ళీ అచ్చు వేసేటప్పుడు బట్టలుతికే ఓబులమ్మ పేరు చేర్చమని రాశాడట.

"నీ పేరో?"

"పేరు అడుక్కునేది కాదు మ్మే. చెప్పేవాళ్ళు చెప్పాల."

ఆ నోటుపుస్తకం తీసుకుని, "ఇది ఏ పక్కన రాయాల?" అని నన్నే అడిగాడు. సరిగ్గా నడిమి పుట వెతికి తెరిచాడు. వంక బండ అని రాసి, పక్కన నా పేరు రాశాడు. నా పేరు పక్కన ఖాళీ వదిలాడు.

"అదేంది?"

"అది నువ్వు చెప్పినరోజు రాస్తా," అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. సంగటి ముందు కూర్చుని చింతాకు ఎవరిదని అడిగేవాడు గానీ, అది అడగలేదు.

ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం, తెల్ల దుప్పటి మీద ఆ వేలు పోతుంటే, పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే మిగిలిన రవంత ఆయుసూ నా నోటితో నేనే తెంచినట్టవుతుందని మింగేశాను. ఇంకా తడిగానే ఉంది, పండుకో అన్నాను.

సంఘం వాళ్ళ కాగితం నింపుదాం. మూడో గీత మీద ముందు పక్కవి లెక్కపెట్టి వెయ్యి. తొమ్మిదో పదో ఉంటాయి, ఉన్నన్నే వెయ్యి, ఒకటి కూడా కలపొద్దు. నాలుగో గీత చాలదు. నోటుపుస్తకం వెనక పక్క పేర్లన్నీ ఎత్తి రాసి దీనికి కుట్టు. పండితులు కారని తీసేస్తే తీసేయనీ, పంపడం మన పని. ఓబులమ్మను మరిచిపోవద్దు.

ఇంక ఏం మిగిలింది పాపా? మొదటి గీత. నడిమి పుట.

"ఇప్పుడన్నా రాయనా అత్తా?"

ఉండు. సిరా ఆరనీ. ఆరినాక, ఇదంతా మొదటినుంచి గట్టిగా చదువు, నేను వింటా. తగ్గేదానికి ఇప్పుడు ఆయుసు యాడుండాది? ఆ ఖాళీ వచ్చిన కాడ నువ్వు ఆగు. ఆడ నేను చెప్తా.